సీక్వెల్ ఆటల్లో సొంత పాత్ర రూపం

కొన్ని వీడియో గేముల్లో కథానాయకుడి ముఖాన్ని ఆటగాడే తయారుచేసుకుంటాడు. ముక్కు పొడవు, కళ్ళ మధ్య ఎడం, దవడ వెడల్పు, జుట్టు, ఒంటిరంగు, మచ్చలు అన్నీ అతని ఇష్టమే. ఆట మొదలయ్యే ముందు ఇందుకోసం వచ్చే తెరను క్యారెక్టర్ క్రియేటర్ అంటారు. ఇలా పుట్టిన పాత్రతో పదుల గంటలు, ఒక్కోసారి వందల గంటలు గడిపాక, రెండేళ్ళకో మూడేళ్ళకో ఆ ఆటకు రెండో భాగం వస్తుంది. కథ అదే, మనిషీ అదే. మరి ముఖం అదే ఉంటుందా? నలభై ఏళ్ళుగా ఆటల పరిశ్రమ ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు చెబుతూ వచ్చింది. ఈ వ్యాసం వాటి గురించి.

తయారీ సంస్థే గీసి ఇచ్చిన పాత్రకు ఈ చిక్కు తక్కువ. మారియో టోపీ, మీసం ఎలా ఉండాలో నింటెండో చిత్రకారులకు తెలుసు. మూల చిత్రం వాళ్ళ దగ్గరే ఉంటుంది కాబట్టి కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా దాన్ని చూసి మళ్ళీ మలుస్తారు. సొంత పాత్ర సంగతి వేరు. లక్షలమంది లక్షల ముఖాలు చేసుకుంటారు. వాటిలో ఒక్కదాన్నయినా సంస్థలో ఎవరూ కళ్ళారా చూసి ఉండరు. కొత్త ఆటలో ఆ ముఖాన్ని దగ్గరుండి దిద్దే చిత్రకారుడు ఉండడు. ఆ భారమంతా ఒక చిన్న ఫైలు మీద, దాన్ని చదివే ప్రోగ్రాము మీద పడుతుంది.

పాత్రకు ఒక రూపం కుదిరితే అది మారకూడదనే పట్టింపు తెలుగువారికి కొత్తేమీ కాదు. 1954లో వచ్చిన 'ఇద్దరు పెళ్ళాలు'లో ఎన్‌.టి. రామారావు కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే ప్రేక్షకులకు నచ్చలేదు. 1957లో 'మాయాబజార్' కోసం కిరీటాన్నీ ముఖాలంకరణనూ కొత్తగా తీర్చిదిద్దారు. ఆ రూపం జనం కళ్ళలో నిలిచిపోయింది. 'శ్రీకృష్ణార్జున యుద్ధం' (1963), 'శ్రీకృష్ణ పాండవీయం' (1966), 'దాన వీర శూర కర్ణ' (1977) దాకా దర్శకులు మారినా, నలుపు తెలుపులు పోయి రంగులు వచ్చినా, ప్రేక్షకుడు గుర్తుపట్టే కృష్ణుడు మాత్రం ఆయనే. అక్కడ ఆ రూపాన్ని సినిమా నుంచి సినిమాకు మోసుకొచ్చింది ఒక నటుడి శరీరం. వీడియో గేము పాత్రకు అలాంటి శరీరం ఏదీ లేదు కనుకనే ఇదంతా ఇంత కష్టమైంది.

ముఖం ఫైల్లో ఎలా ఉంటుంది

ఆట ఎంతదాకా వచ్చిందో దాచి ఉంచే సేవ్ ఫైలులో ఆటగాడు చేసుకున్న ముఖం బొమ్మ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ ఆటల్లో అక్కడ బొమ్మ ఉండదు, అంకెలు ఉంటాయి. ముక్కు పొడవు 62, కనుబొమల ఎత్తు 35, జుట్టు రకం 14, చర్మం రంగు 7 అని ఒక వరుస ఉంటుంది. అటూ ఇటూ జరిపి కొలత మార్చే మీటను స్లైడరు అంటారు. స్లైడరు ఒక్కింటికి ఒక బైటు చొప్పున చూసుకుంటే నలభై స్లైడర్ల ముఖానికి నలభై బైట్లు చాలు. ఫోనులో తీసే మామూలు ఫొటో ఇంతకు వేల రెట్లు పెద్దది.

ఆ అంకెలకు సొంతంగా అర్థం లేదు. దర్జీ పుస్తకంలో రాసుకున్న కొలతలు చొక్కా కానట్టే, ఈ అంకెలూ ముఖం కావు. గుడ్డ, కత్తెర, కుట్టు అన్నీ ఆట దగ్గర ఉంటాయి. ఆటలో ముందుగా ఒక మూల ముఖం ఉంటుంది. అది వేలాది బిందువులను గీతలతో కలిపి అల్లిన వల. 'ముక్కు పొడవు' అనే స్లైడరును జరిపితే ఆ వలలో ముక్కు దగ్గరి బిందువులు ముందే నిర్ణయించిన దిశలో జరుగుతాయి. ఈ పద్ధతిని మార్ఫ్ టార్గెట్ అంటారు. కొన్ని ఆటలు బిందువులకు బదులు ముఖం లోపల అమర్చిన ఎముకలను కదుపుతాయి. ఆ వల మీద చర్మం బొమ్మను పరుస్తారు, పైన జుట్టును అతికిస్తారు, ఆ తరవాత వెలుగు వేస్తారు.

సీక్వెల్ వచ్చేసరికి వీటిలో ఏదో ఒకటి మారక తప్పదు. కొత్త ఆటలో మూల ముఖాన్ని మరిన్ని బిందువులతో మళ్ళీ అల్లుతారు. అప్పుడు పాత 62 కొత్త వల మీద వేరే ముక్కు అవుతుంది. జుట్టు జాబితాలోకి కొత్త రకాలు చేరితే పధ్నాలుగో నంబరు దగ్గర పొట్టి క్రాపు బదులు పొడుగు జుట్టు రావచ్చు. అంకెలు, వల, జుట్టు అన్నీ అలాగే ఉన్నా ఒక్క వెలుగు మారితే చాలు. పాత ఆటలో నుదుటి మీద పడిన వెలుగు కొత్త ఆటలో పక్కనుంచి వస్తే చెంప ఎముకలు పొడుచుకొచ్చినట్టు, కళ్ళు లోపలికి పోయినట్టు కనిపిస్తాయి. ముఖాల విషయంలో మనిషి కన్ను చాలా నిశితమైనది. బండరాయి ఆకారం కాస్త మారితే ఎవరూ పట్టించుకోరు, తెలిసిన ముఖంలో కనురెప్ప కొద్దిగా వాలినా ఇట్టే తెలిసిపోతుంది.

వీటికి తోడు కదలిక ఒకటి. నిలబెట్టి చూసినప్పుడు సరిగ్గా ఉన్న ముఖం మాట్లాడేటప్పుడు, నవ్వేటప్పుడు వేరే మనిషిలా అనిపించవచ్చు, ఎందుకంటే నవ్వుకు పెదవులు ఎంత సాగాలో కొత్త ఆట కొత్తగా నిర్ణయిస్తుంది. కాబట్టి ఆటగాడి ముఖం నిలవాలంటే కొలతలు దాచుకుంటే సరిపోదు, వాటిని చదివే పాత యంత్రాన్ని సంస్థ నిలబెట్టాలి, లేదంటే పాత కొలతలను కొత్తవాటిలోకి జాగ్రత్తగా మార్చే దారి కట్టాలి. ఆటగాడు ఎంత శ్రద్ధ చూపినా ఈ పని సంస్థే చేయాలి.

తొలి రోజుల్లో

మొదట్లో ఒక ఆట నుంచి మరో ఆటకు వెళ్ళింది ముఖం కాదు, శక్తిసామర్థ్యాలు. 1981లో వచ్చిన విజార్డ్రీకి మరుసటి ఏడాది వచ్చిన రెండో భాగం 'నైట్ ఆఫ్ డైమండ్స్'ను ఆడాలంటే మొదటి ఆటలో పెంచిన పాత్రలను తెచ్చుకోవలసిందే. ఎస్‌ఎస్‌ఐ సంస్థ 1988లో తెచ్చిన 'పూల్ ఆఫ్ రేడియన్స్'లో యుద్ధభూమిలో కనిపించే చిన్న బొమ్మకు తల, ఆయుధం, రంగులు ఆటగాడే ఎంచుకునేవాడు. అందులోని పాత్రలను 1989, 1990, 1991లో వచ్చిన మూడు తరువాయి ఆటల్లోకి వరుసగా తీసుకుపోవచ్చు. బొమ్మ వేలిగోరంత కనుక పోలిక తప్పినా బాధ లేదు. ముఖమంతా ఆటగాడి ఊహలోనే ఉండేది.

1998 నాటి 'బాల్డర్స్ గేట్', 2000లో వచ్చిన దాని రెండో భాగం మరో దారి చూపాయి. వాటిలో పాత్ర ముఖం అంటే తెర పక్కన కనిపించే ఒక చిత్రపటం. ఆటగాడు తనకు నచ్చిన బొమ్మను ఆ ఫోల్డరులో పెట్టుకుంటే అదే పాత్ర ముఖమయ్యేది. అదే బొమ్మను రెండో ఆట ఫోల్డరులోనూ పెట్టుకుంటే సరి, పోలిక నూటికి నూరు పాళ్ళు నిలిచేది. తరువాత వచ్చిన త్రీడీ ముఖాలన్నీ కలిసినా ఇంత నమ్మకమైన ఏర్పాటు చేయలేకపోయాయి.

షెపర్డ్ ముఖం

ఈ విషయం మీద ఎక్కడ ఎవరు మాట్లాడినా కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ చేసిన 'మాస్ ఎఫెక్ట్' మూడు భాగాల ప్రస్తావన రాకుండా ఉండదు. మొదటిది 2007లో, రెండోది 2010లో, మూడోది 2012లో వచ్చాయి. మూడింటిలోనూ కథానాయకుడు ఒక్కరే, కమాండర్ షెపర్డ్. ఆటగాడు మగ షెపర్డ్‌నో ఆడ షెపర్డ్‌నో ఎంచుకుని ముఖం చేసుకోవచ్చు, చేసుకోనక్కరలేదనుకుంటే సంస్థ ఇచ్చిన ముఖంతో ఆడవచ్చు. మగ షెపర్డ్‌కు సంస్థ ఇచ్చిన ముఖం మార్క్ వాండర్‌లూ అనే డచ్ మోడల్‌ది. మొదటి ఆటలో ఎవరిని కాపాడారు, ఎవరిని వదిలేశారు అన్న నిర్ణయాలన్నీ సేవ్ ఫైలు ద్వారా తరువాతి ఆటలకు వెళ్ళేవి. అంత పెద్ద కథను ఒక్క మనిషిగా మూడు ఆటల పొడవునా నడపనివ్వడం అప్పటికి అపురూపం. అందుకే ముఖం మీద పట్టింపు అంత పెరిగింది.

రెండో ఆటలో బయోవేర్ ఒక మంచి పని చేసింది. క్రియేటర్ తెర మీద ముఖానికి ఒక కోడ్ చూపించింది. అంకెలు, ఇంగ్లిషు అక్షరాలు, మధ్యలో చుక్కలు ఉన్న ఆ పొట్టి వరుసను కాగితం మీద రాసుకుంటే, మరో యంత్రంలో అదే ముఖాన్ని మళ్ళీ తెచ్చుకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వచ్చు. మొదటి ఆటలో ఇలాంటి కోడ్ లేదు. ఆ లోటు అయిదేళ్ళ తరవాత బయటపడింది.

2012 మార్చిలో మూడో ఆట వచ్చింది. మొదటి ఆటలో ముఖం చేసుకుని, దాన్నే రెండో ఆటలోకి తెచ్చుకుని, ఆ సేవ్‌తో మూడో ఆటలోకి అడుగుపెట్టిన వాళ్ళకు తెర మీద ముఖాన్ని తెచ్చుకోలేకపోయామన్న సందేశం కనిపించింది. రెండో ఆటలో కొత్తగా చేసుకున్న ముఖాలు వచ్చాయి, మొదటి ఆట నుంచి నడిచివచ్చిన ముఖాలే రాలేదు. అంటే అందరికన్నా ఎక్కువ కాలం ఆ పాత్రను అంటిపెట్టుకున్న ఆటగాళ్ళకే దెబ్బ తగిలింది. కొందరు పాత తెరచిత్రాలను (స్క్రీన్‌షాట్లను) పక్కన పెట్టుకుని గంటలకొద్దీ స్లైడర్లు జరిపారు. కొందరు ముఖం రాకపోతే ఆటే ముట్టబోమని కూర్చున్నారు. ఏప్రిల్‌లో సంస్థ ప్యాచ్ అనే సవరణ ప్రోగ్రామును విడుదల చేసి దీన్ని సరిదిద్దింది. బయటివాళ్ళకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. అయిదేళ్ళు తోడున్న ముఖాన్ని, కథ ముగింపు చూడబోయే రోజున పోగొట్టుకోవడం చిన్న విషయమని ఈ వ్యాసకర్త అనుకోవడం లేదు.

ఆడ షెపర్డ్ కథ వేరు. మొదటి రెండు ఆటల ప్రచారమంతా మగ షెపర్డ్ చుట్టూనే సాగింది. మూడో ఆటకు ముందు, 2011లో, ఆడ షెపర్డ్‌కు సంస్థ తరఫున కొత్త ముఖం కోసం ఫేస్‌బుక్‌లో ఓటింగు పెట్టారు. మొదటి విడతలో రాగి మచ్చలున్న బంగారు జుట్టు మనిషి ముందు నిలిచింది. తరువాత జుట్టు రంగు మీద మరో ఓటింగు పెడితే ఎర్ర జుట్టు గెలిచింది. ఫలితంగా మూడో ఆటలో సంస్థ ఇచ్చిన ఆడ షెపర్డ్ మొదటి రెండు ఆటల్లోని ఆమెకు పోలిక లేకుండా పోయింది. 2021 మేలో మూడు ఆటలనూ కలిపి 'లెజెండరీ ఎడిషన్'గా మెరుగుపరిచి తెచ్చినప్పుడు ఈ రెండు తప్పులూ దిద్దారు. మూడింటికీ ఒకే క్రియేటర్ పెట్టారు, ఎర్ర జుట్టు షెపర్డ్‌ను మొదటి ఆట నుంచే అందుబాటులోకి తెచ్చారు, చర్మం రంగుల్నీ జుట్టు రకాల్నీ పెంచారు.

ఈ మూడు ఆటల్లో ఎవరి ముఖం ఎలా మారినా మారనిది గొంతు. ఆడ షెపర్డ్‌కు జెనిఫర్ హేల్, మగ షెపర్డ్‌కు మార్క్ మీర్ మొదటినుంచి చివరిదాకా గొంతు ఇచ్చారు. పాత్ర అదే మనిషి అని ఆటగాడికి నమ్మకం కలగడంలో ఈ గొంతుల పాత్ర ముఖాలకేమీ తీసిపోదు.

మార్పుకు కథలోనే చోటు

ముఖాన్ని నిలపలేనప్పుడు, లేదా ఆటగాడికే మార్చుకోవాలనిపించినప్పుడు, రచయితలు కథలో ఒక కారణం పెట్టి దారి ఇస్తారు. 'మాస్ ఎఫెక్ట్ 2' మొదట్లోనే షెపర్డ్ చనిపోతాడు. రెండేళ్ళపాటు ఒక రహస్య సంస్థ అతని శరీరాన్ని తిరిగి నిర్మిస్తుంది. కళ్ళు తెరిచే వేళకు క్రియేటర్ తెర వస్తుంది. పాత ముఖం తెచ్చుకున్నా, కొత్తది చేసుకున్నా కథకు ఇబ్బంది లేదు.

వొలిషన్ సంస్థ 'సెయింట్స్ రో' ఆటలు ఇదే పనిని మరింత బాహాటంగా చేశాయి. 2006 నాటి మొదటి ఆట చివర నాయకుడు పడవ పేలుడులో చిక్కుకుంటాడు. 2008లో వచ్చిన రెండో ఆట జైలు ఆసుపత్రిలో, ముఖమంతా కట్లతో మొదలవుతుంది. కట్లు విప్పాక ఏ ముఖం ఉండాలో ఆటగాడు చెబుతాడు. మొదటి ఆటలో మగవాడే కాగా, రెండో ఆటలో ఆడమనిషిగానూ మారవచ్చు. ఊళ్ళో ప్లాస్టిక్ సర్జరీ దుకాణం కూడా ఉంటుంది, ఆట మధ్యలో ఎప్పుడైనా వెళ్ళి మొత్తం మార్చుకోవచ్చు. ఆ ఆటల స్వభావానికి అది సరిపోయింది. గంభీరమైన కథకు ఇదే ఎత్తు సరిపోదు, రెండోసారి వాడితే అసలు పనిచేయదు.

బయోవేర్ వాళ్ళే 'డ్రాగన్ ఏజ్'లో సమస్యకు ఎదురుపడకుండా తప్పుకున్నారు. 2009, 2011, 2014లో వచ్చిన మూడు ఆటలకూ ముగ్గురు వేర్వేరు నాయకులు. అయినా పాత నాయకులు కొత్త కథల్లోకి వస్తూనే ఉన్నారు. 2014 నాటి 'ఇంక్విజిషన్'లో రెండో ఆట నాయకుడు హాక్ కనిపించే ఘట్టానికి ముందు క్రియేటర్ తెర తెరుచుకుంటుంది, ఆటగాడు జ్ఞాపకం మీద హాక్ ముఖాన్ని మళ్ళీ చేసుకోవాలి. ఆ ఆటతోపాటు పెట్టిన 'డ్రాగన్ ఏజ్ కీప్' అనే సేవ పాత నిర్ణయాలను మోసుకొచ్చింది, ముఖాన్ని తేలేదు.

ఎల్డర్ స్క్రోల్స్ ఆటల్లో ప్రతిసారీ కొత్త నాయకుడు, కథ వేరే కాలానికో వేరే చోటికో జరుగుతుంది కనుక ఈ ప్రశ్నే రాదు. 'ద సిమ్స్' పరిస్థితి అలా కాదు. 2004, 2009, 2014 నాటి మూడు ఆటల్లోనూ జనం తమ కుటుంబాలనే, తమ పోలికలతోనే చేసుకున్నారు. ఒకదానిలోని మనుషుల్ని మరొకదానిలోకి తెచ్చుకునే దారి మాత్రం లేదు. పోకెమాన్‌లో ఇంకో విచిత్రం. 2013 నాటి 'ఎక్స్', 'వై' ఆటల్లో ఆటగాడు తన శిక్షకుడి రూపాన్ని మార్చుకునే వీలు వచ్చింది. పెంచిన జీవులు పోకెమాన్ బ్యాంక్, ఆ తరువాత పోకెమాన్ హోమ్ ద్వారా ఆట నుంచి ఆటకు ఏళ్ళ తరబడి వలస పోతాయి, వాటిని పెంచినవాడి ముఖం మాత్రం వెనకే ఉండిపోతుంది.

తక్కువ గీతల బలం

2006లో నింటెండో వీ యంత్రంతో వచ్చిన 'మీ' బొమ్మలు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ దూరం ప్రయాణించిన సొంత ముఖాలు. గుండ్రని తల, చుక్కల్లాంటి కళ్ళు, గీతలాంటి నోరు. ఒక్కో బొమ్మకు పట్టే చోటు వంద బైట్లకన్నా తక్కువ. చేతి రిమోట్‌లోనే పది బొమ్మలు దాచుకుని స్నేహితుడి ఇంటికి తీసుకుపోవచ్చు. నింటెండో చేతి యంత్రం 3డీఎస్ వచ్చాక బొమ్మను క్యూఆర్ కోడ్‌గా అచ్చేసుకునే వీలు కలిగింది. అక్కడి నుంచి వీ యూ, ఆ తరువాత స్విచ్ దాకా అదే ముఖం నడిచింది. ఇంత కాలం నిలవడానికి కారణం ఆ ముఖంలో వివరాలు తక్కువ కావడమే. నాలుగు గీతల ముఖాన్ని ఏ యంత్రమైనా అచ్చంగా అలాగే గీయగలదు. చర్మ రంధ్రాలు కూడా కనిపించే నేటి ముఖాలకు ఆ సౌకర్యం లేదు. గ్రాఫిక్స్ మెరుగవుతున్నకొద్దీ పోలిక నిలపడం కష్టమవుతూ వచ్చింది.

మూసివేయని ఆటలు

ఆన్‌లైన్ ఆటల్లో సీక్వెల్ అనే గీత చెరిగిపోతుంది. 2014లో వచ్చిన 'డెస్టినీ' నుంచి 2017 నాటి 'డెస్టినీ 2'కు బంగీ సంస్థ ఆయుధాల్నీ శక్తుల్నీ రానివ్వలేదు. రూపాన్ని మాత్రం రానిచ్చింది. మొదటి ఆటలో ఇరవయ్యో స్థాయి చేరి, 'బ్లాక్ గార్డెన్' ఘట్టం పూర్తిచేసిన వారి పాత్రల ముఖం, జుట్టు, గుర్తులు కొత్త ఆటలోకి యథాతథంగా వచ్చాయి. ఆస్తి మొత్తం పోయినా ముఖం మిగలాలి అన్న ఈ తీర్పు సరైనదే. జపాన్‌లో సెగా 2012 నాటి 'ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ 2'కు 2021లో 'న్యూ జెనెసిస్'ను తెచ్చినప్పుడు పాత పాత్రలనే కొత్త ప్రపంచంలోకి తీసుకుపోనిచ్చింది.

ఒకే ఆట గ్రాఫిక్స్‌ను మెరుగుపరిచినా ఇదే పరీక్ష. స్క్వేర్ ఎనిక్స్ 2024లో 'ఫైనల్ ఫాంటసీ 14'లోని ముఖాలన్నిటినీ పదునుపెట్టింది. ఏప్రిల్‌లో ముందుగా ఒక పరీక్షా ప్రోగ్రామును విడుదల చేస్తే, తమ పాత్ర తమ పాత్రలా లేదని ఆటగాళ్ళు గోల పెట్టారు. కొంత తప్పు ఆ ప్రోగ్రాము వెలుగుదేనని తేలింది. మేలో వెలుగు సరిచేసి మళ్ళీ విడుదల చేశారు. మామూలుగా డబ్బుకు అమ్మే రూపం మార్చే మందును, ఫాంటాసియాను, ప్రతి ఆటగాడికీ ఒకటి ఉచితంగా ఇచ్చారు. విడుదలకు ముందు చూపించి అడగడం, తప్పు ఒప్పుకోవడం, దిద్దుకునే వీలు ఉచితంగా ఇవ్వడం, ఈ మూడూ కలిసిన సందర్భం ఇంత స్పష్టంగా మరొకటి కనబడదు.

మన దగ్గర: పబ్‌జీ నుంచి బీజీఎంఐకి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు తీరగ్రామాల్లో గానీ పలాస, టెక్కలి పట్టణాల్లో గానీ, ఆట అంటే ముందుగా చేతిలోని ఫోనే. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ ఖరీదు జీడి కార్ఖానా కూలి మీద బతికే ఇంటికి అందేది కాదు. 2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది. 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. అందులో మాస్ ఎఫెక్ట్‌లోలా ముక్కూ దవడా మలుచుకునే వీలు లేదు. ఆడో మగో, ఒక ముఖం, ఒక జుట్టు, ఒక చర్మం రంగు ఎంచుకోవడం, ఆపైన బట్టలు, టోపీలు, తుపాకుల రంగులు. ఆటగాళ్ళు స్కిన్లు అనే ఈ బట్టలే వాళ్ళ ముఖం. మ్యాచులో ఎదుటివాడు గుర్తుపట్టేది వాటినే. కొన్ని ఆడి సంపాదించినవి, కొన్ని డబ్బుపెట్టి కొన్నవి.

2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం ఈ ఆటను నిషేధించింది. అక్టోబరు 30న దేశంలో సర్వర్లు ఆగిపోయాయి. దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్ 2021 జులై 2న ఆండ్రాయిడ్ ఫోన్లకు 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా'ను, అంటే బీజీఎంఐని, విడుదల చేసింది. పేరు కొత్తది, రక్తం ఆకుపచ్చగా మారింది, ఆట దాదాపు పాతదే. తెలుగు ఆటగాళ్ళలో అత్యధికులు 'సీక్వెల్‌లోకి పాత్ర వెంట వస్తుందా' అన్న ప్రశ్నను నిజంగా ఎదుర్కొన్నది అప్పుడే.

క్రాఫ్టన్ డేటా బదిలీకి దారి పెట్టింది. పాత ఖాతా ఫేస్‌బుక్, ట్విటర్, గూగుల్ ప్లే వంటివాటికి ముడిపడి ఉంటే, కొత్త ఆటలో లాగిన్ అయి అనుమతి ఇస్తే పాత బట్టలు, సామగ్రి వచ్చేవి. గడువు చివరికి 2021 డిసెంబరు 31తో ముగిసింది. ఖాతా దేనికీ ముడిపెట్టకుండా గెస్ట్‌గా ఆడినవాళ్ళకు ఆ దారి అందలేదు. 2022 జులై 28న బీజీఎంఐని కూడా ప్లేస్టోర్ నుంచి తీసేశారు. 2023 మే 29న తిరిగి వచ్చినప్పుడు అవే ఖాతాలు, అవే రూపాలు.

ఫ్రీ ఫైర్ విషయంలో గరీనా సంస్థ ముందే వంతెన కట్టుకుంది. 2021 సెప్టెంబరులో మెరుగైన గ్రాఫిక్స్‌తో 'ఫ్రీ ఫైర్ మ్యాక్స్' తెచ్చి, ఫైర్‌లింక్ అనే ఏర్పాటుతో రెండు ఆటలకూ ఒకే ఖాతా చెల్లేలా చేసింది. 2022 ఫిబ్రవరి 14న భారత్‌లో మామూలు ఫ్రీ ఫైర్ నిషేధానికి గురైనా, మ్యాక్స్‌లో అదే పాత్ర అదే బట్టల్లో కొనసాగింది.

ఉద్దానం లాంటి చోట ఖాతా మీద ఆధారపడే పద్ధతి మేలు చేస్తుంది. ఇక్కడి మత్స్యకారులు వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతారు, యువకులు పనులకు విశాఖ, చెన్నై, హైదరాబాదు చేరతారు. ఫోన్లు మారతాయి, నంబర్లూ మారతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్నే తాకినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. తడిసిన ఫోనులోనే ఉన్న సేవ్ ఫోనుతోపాటే పోతుంది. సర్వరులో ఉన్న ఖాతాను కొత్త ఫోనులో తెరుచుకోవచ్చు. ఇందులో ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. సర్వరును ఆపేసే అధికారం సంస్థది, నిషేధించే అధికారం ప్రభుత్వానిది. డబ్బు పెట్టి కొన్న బట్టలు కూడా నిబంధనల ప్రకారం వాడుకునే అనుమతి మాత్రమే. మాస్ ఎఫెక్ట్ ఆటగాడి సేవ్ ఫైలు పాడైనా అతని దగ్గరే ఉంది. బీజీఎంఐ ఆటగాడి పాత్ర ఏ రోజూ అతని చేతిలో లేదు.

చామనఛాయ, నల్లజుట్టు

పోలిక నిలవాలంటే ముందు పోలిక కుదరాలి. చాలా క్రియేటర్లలో తెలుపుకు పది ఛాయలుంటే నలుపుకు రెండో మూడో ఉండేవి. చామనఛాయ వాటి మధ్య ఎక్కడో ఒక్కటి. నింటెండో 'యానిమల్ క్రాసింగ్' 2012 నాటి 'న్యూ లీఫ్' దాకా ఒంటిరంగు ఎంచుకునే వీలే ఇవ్వలేదు, ఎండలో తిరిగితే రంగు కాస్త తిరిగేది, అంతే. 2020 నాటి 'న్యూ హొరైజన్స్'లో ఆ ఎంపిక ఉంది. 'ద సిమ్స్ 4'కు 2020 డిసెంబరులో వందకు పైగా కొత్త ఛాయలు చేరాయి.

రంగులు పెరిగినంతమాత్రాన పని అయిపోదు. నల్లని చర్మం మీద వెలుగు పడే తీరు వేరు. లేత చర్మానికి సరిపెట్టిన దీపాల కింద ముదురు చర్మం బూడిద రంగులోకో మట్టి రంగులోకో తిరుగుతుంది. అందుకే ఒక ఆట నుంచి మరో ఆటకు మారినప్పుడు ఎక్కువగా నష్టపోయేది ముదురు రంగు ముఖాలే. పాత ఆటలో ఎండలో పనిచేసే ఉద్దానం మనిషిలా ఉన్న పాత్ర, కొత్త ఆటలో అదే నంబరుతో పాలిపోయి కనిపించవచ్చు. జుట్టుదీ అదే దారి. నూనె రాసి దువ్విన నల్లని ఒంటిజడ, చెవి వెనక పూలు, నుదుట బొట్టు విదేశీ క్రియేటర్లలో దొరకడం అరుదు. దొరకనివాళ్ళు దగ్గరిదాన్ని ఏరుకుంటారు, సీక్వెల్‌లో ఆ దగ్గరిది కూడా జాబితాలోంచి పోతే మొదటికే వస్తారు. జుట్టు రకాన్ని తీసేసేటప్పుడు ఎంతమంది వాడుతున్నారన్న లెక్కతో సరిపెట్టుకోకుండా, దాని స్థానంలో మరొకటి ఉందా లేదా అని సంస్థలు చూడాలి.

ఆటగాళ్ళు చేసుకునే ఏర్పాట్లు

సంస్థలు దారి ఇవ్వనిచోట ఆటగాళ్ళే పద్ధతులు కనిపెట్టుకున్నారు. అన్నిటిలో సులువైనది తెరచిత్రాలు తీసుకోవడం. ముఖం ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, ముప్పాతిక వంతు తిప్పి ఒకటి. క్రియేటర్ తెర మీద తీసిన వాటికన్నా ఆటలో పగటి వెలుగులో తీసినవి ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఆటగాడి మనసులో నిలిచేది ఆ వెలుగులోని ముఖమే. స్లైడరు అంకెలన్నీ రాసుకోవడం రెండో పద్ధతి. ఏ మూల ముఖంతో మొదలుపెట్టారో రాసుకోకపోతే ఆ అంకెలు పనికిరావు, చాలామంది మరిచిపోయేదీ ఇదే. కంప్యూటరు మీద ఆడేవాళ్ళు మాస్ ఎఫెక్ట్ సేవ్ ఫైలును తెరిచి ముఖం కొలతలను విడిగా బయటికి తీసే ప్రోగ్రాములు రాసుకున్నారు. దాంతో సంస్థ కోడ్‌లో పట్టని ముఖాలు కూడా ఒక సేవ్ నుంచి మరో సేవ్‌కు వెళ్ళగలిగాయి.

కొత్త ఆటలో మళ్ళీ చేసుకునేటప్పుడు వరుస ముఖ్యం. ముందు తల ఆకారం, దవడ, కళ్ళ మధ్య దూరం కుదిరితే మిగతావి తేలికగా వస్తాయి. జుట్టు, మచ్చ, గడ్డం పోలికలో చాలా భాగం మోస్తాయి కనుక వాటికి దగ్గరివి దొరికితే ముక్కు కాస్త అటూ ఇటూ అయినా కన్ను సర్దుకుంటుంది.

ఇటీవల కొన్ని సంస్థలు ఈ అవసరాన్ని గుర్తించాయి. క్యాప్‌కామ్ 2024 మార్చిలో 'డ్రాగన్స్ డాగ్మా 2' విడుదలకు ముందే దాని క్రియేటర్‌ను విడి ప్రోగ్రాముగా ఉచితంగా ఇచ్చింది. అక్కడ తీరిగ్గా చేసుకున్న ముఖాలు అసలు ఆటలోకి వచ్చాయి. 'మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్' బీటాలో, అంటే ముందస్తు పరీక్షా విడుదలలో, చేసుకున్న పాత్రనూ 2025లో అసలు ఆటలోకి తెచ్చుకోనిచ్చారు. అదే క్యాప్‌కామ్ 2018 నాటి 'మాన్‌స్టర్ హంటర్ వరల్డ్' నుంచీ, ఆట మధ్యలో ముఖం మార్చుకోవాలంటే మొదటి చీటీ ఉచితంగా ఇచ్చి మిగతావాటిని డబ్బుకు అమ్ముతోంది. పోలిక కుదరక దిద్దుకోవాలనుకునే వారి దగ్గర రుసుము తీసుకోవడం సమర్థించదగ్గ పని కాదు.

2024 అక్టోబరు 31న వచ్చిన 'డ్రాగన్ ఏజ్: ద వీల్‌గార్డ్' పాత 'కీప్'ను వాడలేదు. దాని బదులు క్రియేటర్‌లోనే ఒక విభాగం పెట్టి, పదేళ్ళ కిందటి ఆట నాయకుడు ఇంక్విజిటర్ ఎలా ఉండేవాడో, లేదా ఉండేదో, ఆటగాణ్ణే మళ్ళీ చేసి చూపమంది. తెరచిత్రాలు దాచుకున్నవాళ్ళు వాటిని పక్కన పెట్టుకుని స్లైడర్లు జరపడం మొదలుపెట్టారు.